కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు కంప్యూటర్‌లో టైమ్ చూడు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. ఇలాంటి ఇబ్బందే ఉన్న మిగతావాళ్లకి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు నువ్వు రాసింది కుదించి చెప్తాను. గోదావరిఖనిలో మీ ఇంటి పై అంతస్తు గదిలో సిస్టమ్ ఉంది. 2020 నవంబర్‌లో అసెంబుల్ చేయించుకున్నావు: రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 3200 స్పీడ్ ర్యామ్ 8 జీబీవి రెండు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పెట్టె), 144 హెర్ట్జ్ మానిటర్. ఫిబ్రవరి నుంచి పర్ఫార్మెన్స్ తగ్గుతూ వస్తోంది. జీటీఏ 5 గేమ్‌లో మొదట్లో 85 ఎఫ్‌పీఎస్ (సెకనుకి స్క్రీన్ మీద పడే బొమ్మలు) వస్తుంది, పావుగంట ఆడేసరికి 45కి పడిపోతుంది. వాలరెంట్‌లో ఇదివరకు 230 వచ్చేది, ఇప్పుడు మొదటి రౌండ్ నుంచే 150. ఆన్ చేయగానే కాసేపు గరగరమని శబ్దం కూడా వస్తోందన్నావు. విండోస్ రెండుసార్లు ఫార్మాట్ చేశావు, డ్రైవర్ మూడుసార్లు మార్చావు. షాపులో చూపిస్తే "కార్డు అయిపోయింది, కొత్తది వేసుకో" అని ముప్పై వేలు చెప్పారు. చివర్లో, అసలు ప్రశ్నకు సంబంధం లేదన్నట్టు, "సిస్టమ్ టైమ్ కూడా అప్పుడప్పుడు తప్పు చూపిస్తోంది, కాసేపటికి అదే సరిపోతోంది" అని ఒక్క లైను రాశావు.

ఆ ఒక్క లైను లేకపోతే నేను కూడా సగమే చెప్పేవాణ్ణి.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ కార్డు పోలేదు. ఇంకో మాట: నీకున్నది ఒక సమస్య కాదు, రెండు. రెండూ ఒకే టైమ్‌లో మొదలయ్యాయి కాబట్టి ఒకటే అనుకున్నావు, అందుకే ఎంత వెతికినా దొరకలేదు. జీటీఏది వేడి జబ్బు. వాలరెంట్‌ది మతిమరుపు జబ్బు. మొదటిది కార్డుకి, రెండోది బోర్డుకి.

ఎలా చెప్పగలుగుతున్నానంటే, ఎఫ్‌పీఎస్ ఎంత పడింది అన్నదానికంటే ఎప్పుడు పడింది అన్నది నాకు ఎక్కువ చెప్తుంది. కరీంనగర్‌లో పదిహేనేళ్లుగా ఇదే పని. షాపుకి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న "ఆన్ చేసిన వెంటనే ఇలా ఉందా, ఆడగా ఆడగా అవుతోందా?" ఆడగా ఆడగా పడిపోతే నూటికి తొంభై సార్లు వేడి. మొదటి నిమిషం నుంచే తక్కువ ఉంటే వేడికి అంత సమయమే లేదు, అది సెట్టింగో, ర్యామో, ప్రాసెసరో. నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఒక్కసారిగా పడిపోతే అప్‌డేటో, డ్రైవరో. నీది ఇందులో మూడోది కాదు. నువ్వు మాత్రం ఆ మూడోదానికే మందు వేస్తూ వచ్చావు.

ముందు కొలుద్దాం. కార్డు అంకెలు చూపించే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకో, దాంతోపాటు ఆ అంకెల్ని గేమ్ మీద చూపించే రివాట్యూనర్ కూడా వస్తుంది, కాదనకు. సెట్టింగ్స్‌లో మానిటరింగ్ అన్న చోట జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) టెంపరేచర్, జీపీయూ యూసేజ్, కోర్ క్లాక్ (ఆ చిప్ నడిచే స్పీడ్, మెగాహెర్ట్జ్‌లో), మెమరీ యూసేజ్, ఫ్యాన్ స్పీడ్, సీపీయూ (ప్రాసెసర్) టెంపరేచర్, ఫ్రేమ్‌రేట్ వీటిని స్క్రీన్ మీద చూపించమని టిక్ పెట్టు. జీటీఏ తెరిచి ఒకే చోట, ఒకే కారులో తిరుగు. 2వ నిమిషంలో ఒకసారి, 20వ నిమిషంలో ఒకసారి ఆ అంకెలన్నీ కాగితం మీద రాయి. ఫోన్‌తో ఫోటో తీసినా సరే.

చదవడం కష్టం కాదు. యూసేజ్ 97, 99 దగ్గర ఉండి క్లాక్ కూడా 1800 దాటి నిలబడి ఉంటే కార్డు తన పని తాను చేస్తోంది. గేమే బరువెక్కింది, లేదా సెట్టింగ్స్ ఎక్కువ పెట్టావు. యూసేజ్ 99 ఉన్నా క్లాక్ 1800 నుంచి 1500కి, 1300కి జారుతూ, టెంపరేచర్ మాత్రం 83 దగ్గర అతుక్కుపోయి ఉంటే అది వేడి. యూసేజ్ 50, 60 దాటకుండా ఎఫ్‌పీఎస్ రావట్లేదంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. వంటవాడు అన్నం దించకపోతే వడ్డించేవాడు గరిటె పట్టుకుని ఏం చేస్తాడు? జీటీఏలో నీకు రెండోది, వాలరెంట్‌లో మూడోది కనిపిస్తుందని నా అంచనా.

వేడి సంగతి ఒకసారి లెక్కేద్దాం. కార్డు ఎంత వేడెక్కుతుందన్నది గది వేడి మీద ఆధారపడి ఉంటుంది. డిసెంబర్ రాత్రి మీ గదిలో 22 డిగ్రీలు ఉన్నప్పుడు కార్డు 70 చూపించిందనుకో, అంటే గది కంటే 48 ఎక్కువ. అదే కార్డు, అదే గేమ్, ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు కింద గది 38 ఉంటే 38, 48 కలిపి 86. ఈ తరం కార్డులు చాలావరకు 83 దగ్గర ఆగాలని చూస్తాయి. కాబట్టి ఫ్యాన్ ఎంత తిప్పినా చాలకపోతే అది చేయగలిగింది ఒకటే, క్లాక్ తగ్గించుకోవడం. దీన్నే థ్రాటిల్ అంటారు. నిజానికి 83 కంటే చాలా ముందు నుంచే, వేడి పెరిగేకొద్దీ పది పదిహేను మెగాహెర్ట్జ్ చొప్పున మెల్లగా తగ్గిస్తూ వస్తుంది. ఫిబ్రవరి నుంచి "కొంచెం కొంచెంగా" తగ్గిందని నువ్వు రాసింది అందుకే. క్యాలెండర్‌లో ఎండ పెరిగినట్టే నీ ఎఫ్‌పీఎస్ తగ్గింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎండ, దుమ్ము మాత్రమే అయితే 15, 20 శాతం పడుతుంది. 85 నుంచి 45 అంటే దాదాపు సగం. అంత పడిందంటే ఇంకేదో తోడైంది: ఒక ఫ్యాన్ తిరగకపోవడమో, చిప్ వేడిని పైనున్న లోహపు రేకులకి (హీట్‌సింక్) అందించే థర్మల్ పేస్ట్ పూర్తిగా ఎండిపోవడమో. ఆన్ చేయగానే కాసేపు గరగరమని శబ్దం వస్తోందని రాశావు కదా, నా అనుమానం ఫ్యాన్ మీదే.

విప్పకముందే మూడు పరీక్షలు చెయ్యి. మొదటిది, ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్యాన్ స్పీడ్‌ని నువ్వే 100 శాతం పెట్టి టార్చ్ వేసి చూడు. రెండు ఫ్యాన్లూ సమానంగా తిరుగుతున్నాయా? ఒకటి ఊగుతూ, ఆగుతూ తిరిగితే దొంగ దొరికినట్టే. గేమ్ లేనప్పుడు ఫ్యాన్లు అసలు తిరగకపోతే కంగారు పడకు, చాలా కార్డులు యాభై అరవై డిగ్రీల లోపు ఫ్యాన్లు ఆపేసే ఉంటాయి, అది కావాలని పెట్టిందే. రెండోది, కేబినెట్ పక్క డోర్ తీసేసి మళ్లీ 20 నిమిషాలు ఆడు. టెంపరేచర్ 8, 10 డిగ్రీలు తగ్గితే తప్పు కార్డుది కాదు, కేబినెట్‌లోకి గాలి రావట్లేదు. ముందువైపు మొత్తం గాజు పలక ఉండి, లోపల మూడు రంగుల ఫ్యాన్లు ఆ గాజుకే ఊదుకుంటున్న కేబినెట్లు నేను రోజూ చూస్తాను. కంప్యూటర్ టేబుల్ కింది అరలో పెట్టి తలుపు వేసేవాళ్లూ ఉన్నారు. మూడోది జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్. అందులో సెన్సర్స్ పేజీలో పర్ఫ్‌క్యాప్ రీజన్ అని ఒక వరస ఉంటుంది. కార్డు ఇంకా పైకి ఎందుకు వెళ్లట్లేదో అదే చెప్తుంది. థర్మల్ అని చూపిస్తే వేడి, పవర్ అని చూపిస్తే దానికిచ్చిన 125 వాట్ల హద్దు. పవర్ అని రావడం జబ్బు కాదు, బాగున్న కార్డు కూడా ఎక్కువసేపు అదే చూపిస్తుంది. అదే పేజీలో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) అన్న అంకె కూడా చూడు. మామూలు టెంపరేచర్‌కీ దానికీ 12, 15 తేడా ఉండటం సహజం. 25 దాటితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పేస్ట్ తన పని మానేసింది.

ఇక శుభ్రం చేయడం. గోదావరిఖని బొగ్గు దుమ్ము గురించి నీకు నేను చెప్పాలా? మీ వైపు నుంచి వచ్చిన కేబినెట్ విప్పితే హీట్‌సింక్ రేకుల మధ్య నల్లగా, మెత్తగా, కాటుకలాంటి పొర ఉంటుంది. మామూలు దుమ్ము ఊదితే ఎగిరిపోతుంది, ఇది అంటుకుని కూర్చుంటుంది. కింద వంటిల్లు ఉంటే తాలింపు పొగ కూడా తోడై జిగురవుతుంది. స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కు. కేబినెట్ ఇనుము ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టు. కార్డుకి ఉన్న 8 పిన్నుల వైరు తీసి, వెనక స్క్రూలు విప్పి, స్లాటు చివర ఉన్న క్లిప్ నొక్కి అప్పుడు లాగు. ఆ క్లిప్ సంగతి మర్చిపోయి లాగి స్లాటు విరగ్గొట్టినవాళ్లు ఉన్నారు. చిన్న బ్లోవర్‌తో బాల్కనీలో ఊదు, మెత్తని పెయింటింగ్ బ్రష్ వాడు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దు, తడిగుడ్డ అసలే వద్దు.

ఊదిన తర్వాత కూడా హాట్‌స్పాట్ తేడా తగ్గకపోతేనే పేస్ట్ జోలికి వెళ్లు. చిప్ వెనక నాలుగు స్ప్రింగు స్క్రూలు ఉంటాయి, వాటిని ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. హీట్‌సింక్ రాకపోతే లాగొద్దు, ఇటూ అటూ మెల్లగా తిప్పు. ఫ్యాన్ వైరు సన్నగా ఉంటుంది, దాన్ని చూసుకోకుండా ఎత్తితే తెగుతుంది. పాత పేస్ట్ ఎండిన సున్నంలా ఊడి వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, శానిటైజర్‌తో కాదు, అందులో నీళ్లు, జిగురు ఉంటాయి. ప్రాసెసర్ మీదైతే మధ్యలో బఠానీ గింజంత పెడితే చాలు, మూత మీద అదే పరుచుకుంటుంది. గ్రాఫిక్స్ చిప్‌కి మూత ఉండదు, మూల కూడా ఖాళీ ఉండకూడదు, అందుకని పలుచగా అంతటా పూయాలి.

మెమరీ చిప్‌ల మీద ఉండే మెత్తని ప్యాడ్లు చిరగకపోతే వాటినే ఉంచు. ఇది నా సొంత దెబ్బతో నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక కస్టమర్ కార్డుకి "మందంగా ఉంటే ఇంకా మంచిది కదా" అని 1 మిల్లీమీటర్ ప్యాడ్లు ఉన్నచోట ఒకటిన్నర వేశాను. బిగించి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో హాట్‌స్పాట్ 100 దాటింది. ప్యాడ్లు మందమయ్యేసరికి హీట్‌సింక్ వాటి మీదే ఆగిపోయి చిప్‌ని తాకనేలేదు. అర మిల్లీమీటర్ తేడా. రాత్రి పదకొండింటికి మళ్లీ అంతా విప్పాను.

ఫ్యాన్ పోయిందని తేలితే కుట్టుమిషన్ నూనె చుక్క వేసే చిట్కా ఎవరో ఒకరు చెప్తారు. పనిచేస్తుంది, పది పదిహేను రోజులు. ఆలోపు కొత్త ఫ్యాన్ తెప్పించుకో. ఫ్యాన్ మధ్యలో వెనకవైపు స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఉంటుంది, దాంతో వెతికితే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సికింద్రాబాద్ వెళ్లే పని ఉంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడుగు.

ఇవన్నీ చేసేలోపు ఈరోజే ఉపశమనం కావాలంటే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 80కి దించు. కరెంటు తక్కువ తాగుతుంది, వేడి తక్కువ పుడుతుంది. నేను చూసిన కార్డుల్లో దీనివల్ల పోయింది ఐదారు ఎఫ్‌పీఎస్‌కి మించి లేదు. వేడికి సగం పడిపోవడం కంటే ఇది ఎంతో నయం కదా. మా ఇంట్లో నా సిస్టమ్‌కి ఏప్రిల్, మే, జూన్ ఇలాగే ఉంచుతాను.

ఇప్పుడు మతిమరుపు జబ్బు.

వాలరెంట్ తేలికైన గేమ్. అందులో 150 వస్తోందా 230 వస్తోందా అన్నది నీ కార్డు కాదు, ప్రాసెసర్, ర్యామ్ తేలుస్తాయి. రైజెన్‌కి ర్యామ్ స్పీడ్ అంటే ప్రాణం, ఎందుకంటే ఆ ప్రాసెసర్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి కూడా ర్యామ్ స్పీడ్‌తోనే నడుస్తుంది. నీ ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉంటుంది కానీ, పెట్టగానే ఆ స్పీడ్‌లో నడవదు. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌లో నడిపే ఎక్స్‌ఎంపీ అన్న సెట్టింగ్ ఆన్ చేస్తేనే నడుస్తుంది. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అనీ, ఏ-ఎక్స్‌ఎంపీ అనీ రాస్తారు. అది ఆఫ్ అయితే ర్యామ్‌ని బట్టి 2133కో, 2400కో, 2666కో దిగిపోతుంది.

మరి 2020లో ఆన్ చేసిన సెట్టింగ్ ఇప్పుడు ఎందుకు పోయింది? అక్కడే నీ టైమ్ సంగతి వస్తుంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, చాలామంది సీమోస్ బ్యాటరీ అంటారు. కరెంటు లేనప్పుడు టైమ్‌నీ, బయోస్ సెట్టింగ్స్‌నీ గుర్తుపెట్టుకునేది అదే. సిస్టమ్ షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి కొంచెం కరెంటు వస్తూ ఉంటుంది, సెల్ మీద భారం పడదు. మన ఇళ్లల్లో అలా ఉండదు కదా. రాత్రి పడుకునే ముందు అమ్మ వచ్చి గోడ స్విచ్ ఆపాల్సిందే. అందులో తప్పేం లేదు, పిడుగుల కాలంలో అదే మంచిది కూడా. కానీ రోజూ ఎనిమిది పది గంటలు ఆ సెల్ ఒక్కటే మోయాలి. ఐదేళ్లకి అది చేతులెత్తేస్తుంది. అప్పుడు టైమ్ వెనక్కి పోతుంది, దాంతోపాటే ఎక్స్‌ఎంపీ కూడా పోతుంది. విండోస్‌కి నెట్ తగలగానే టైమ్ సరిచేసుకుంటుంది కాబట్టి "కాసేపటికి అదే సరిపోతోంది" అని వదిలేశావు. ఎక్స్‌ఎంపీని సరిచేసేవాళ్లు ఎవరూ లేరు. నువ్వు విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఇది మారదు, ఎందుకంటే ఇది విండోస్‌లో ఉండేది కాదు.

ఇప్పుడే చూడు: టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కు. స్పీడ్ అన్నచోట 3200 ఉందా? లేకపోతే నేను చెప్పింది నిజం. స్లాట్స్ యూజ్డ్ అన్నచోట 4లో 2 అని ఉందో, రెండే స్లాట్ల బోర్డయితే 2లో 2 అని ఉందో కూడా చూసుకో. ఒకటే చూపిస్తే రెండో ర్యామ్ సరిగా కూర్చోలేదు, సింగిల్ ఛానల్‌లో, అంటే ఒకే దారిలో నడుస్తోంది. అప్పుడు ఎఫ్‌పీఎస్ ఇంకా ఎక్కువ పడుతుంది. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు రంగు పళ్లు మెల్లగా రుద్ది మళ్లీ పెట్టడం పాత చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది. రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా చూసుకో, అంతే. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోదిలో పెట్టు.

సెల్ ఖర్చు రెండు మూడు టీల ఖర్చు. వాచీ షాపులో కూడా దొరుకుతుంది. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. మార్చాక బయోస్‌లో టైమ్ పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రా. ఒక జాగ్రత్త: విండోస్ 11 వాడుతుంటే బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉందేమో చూసి, దాని రికవరీ కీ ముందే ఫోన్‌లో దాచుకో. బయోస్ సెట్టింగ్స్ మారినప్పుడు ఒక్కోసారి అది అడుగుతుంది, కీ లేకపోతే డేటా పోయినట్టే. అలాగే విండోస్ 11లో వాలరెంట్‌కి టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ ఆన్‌లో ఉండాలి. బయోస్ మొదటికి వచ్చినప్పుడు అవి ఆఫ్ అయి గేమ్ తెరుచుకోకపోతే మళ్లీ కంగారు పడి ఫార్మాట్ కొట్టకు, బయోస్‌లో వాటిని ఆన్ చెయ్యి.

ర్యామ్ ఒక్కటే 80 ఎఫ్‌పీఎస్ తినేసిందని నేను అనను. పదో ఇరవయ్యో శాతం దాని వాటా. మిగతాది రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, గేమే మారింది. వాలరెంట్ 2025 జులైలో అన్‌రియల్ ఇంజిన్ 5కి మారింది, కాబట్టి పాత ఇంజిన్ నాటి నీ 230తో ఇప్పటి అంకెని అచ్చంగా పోల్చడం సరికాదు. రెండోది ప్రాసెసర్ వేడి. 3600తో పాటు వచ్చే చిన్న కూలర్ మన ఎండలకి చాలీచాలనట్టే ఉంటుంది. దాని గరిష్ఠం 95 డిగ్రీలు, అక్కడికి చేరితే అది కూడా స్పీడ్ తగ్గించుకుంటుంది. 90 దాటి చూపిస్తుంటే ఆ కూలర్‌కీ దుమ్ము దులిపి కొత్త పేస్ట్ పెట్టు.

ఇక్కడ ఆగి ఇది జాగ్రత్తగా చదువు. ఈ ప్రాసెసర్‌కి పిన్నులు కిందే ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి, కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. లాక్ వేసి ఉన్నా సరే వస్తుంది. అందుకని ముందు పది నిమిషాలు గేమ్ ఆడి పేస్ట్‌ని వేడెక్కనివ్వు, ఆపేసి వైరు తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి అప్పుడు ఎత్తు. నీ కూలర్ స్క్రూలతో బిగించిన రకమైతే, అవి విప్పగానే బోర్డు వెనక ఉన్న ఇనుప పలక జారిపోతుంది. కేబినెట్‌ని పడుకోబెట్టి ఒక చేత్తో వెనక పట్టుకో.

మిగతావి తొందరగా చెప్తాను. జీటీఏ 5 కొత్త ఎన్‌హాన్స్‌డ్ వెర్షన్ 2025 మార్చిలో వచ్చింది, నువ్వు దానికి మారి ఉంటే రే ట్రేసింగ్ (వెలుగు నీడల్ని నిజంలా చూపించేది) సెట్టింగ్స్ అన్నీ ఆపు, లేదా పాత లెగసీ వెర్షన్‌లో పరీక్షించు. కార్డు మెమరీ 6 జీబీ. ఆఫ్టర్‌బర్నర్‌లో అది 5800, 5900 దగ్గర నిలబడితే ముందు టెక్స్చర్స్ ఒక మెట్టు దించు, మిగతావాటి జోలికి వెళ్లకు. మెమరీ నిండితే ఎఫ్‌పీఎస్ మెల్లగా తగ్గదు, కుదుపులు కుదుపులుగా ఆగుతుంది, అదే గుర్తు. జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ (కార్డుకీ బోర్డుకీ మధ్య దారి) పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి లోడ్ ఇచ్చి చూడు, ఎక్స్16 3.0 అని రావాలి. ఎక్స్4 అనో, 1.1 దగ్గరే ఆగిపోయో కనిపిస్తే కార్డు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు. మానిటర్ వైరు బోర్డుకి పెట్టావేమో అని ఎవరైనా అడిగితే పట్టించుకోకు, 3600లో సొంత గ్రాఫిక్స్ లేవు, అలా పెడితే నీకు బొమ్మే రాదు. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 హెర్ట్జే ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకో, డ్రైవర్ మార్చినప్పుడల్లా అది 60కి దిగిపోతుంటుంది.

టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ గేములు వేశావా అని అడగను. వేసి ఉంటే, ఏమీ తెరవకుండా డెస్క్‌టాప్ మీద జీపీయూ యూసేజ్ ఎంతుందో ఆఫ్టర్‌బర్నర్‌లో చూడు. 0 నుంచి 5 మధ్య ఉండాలి. ఊరికే 90 చూపిస్తుంటే ఎవడో నీ కార్డుతో, నీ కరెంటుతో క్రిప్టో కాయిన్లు తవ్వుకుంటున్నాడు. ఆ ప్రోగ్రాముల్లో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతాయి, అందుకే ఆఫ్టర్‌బర్నర్‌లో చూడమన్నాను.

డ్రైవర్ గురించి ఒక్క మాట. పావుగంట తర్వాతే పనిచేయడం మానేసే డ్రైవర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు. ఇక దాన్ని ముట్టుకోకు. ఎస్‌ఎంపీఎస్ కూడా అంతే, అది పోతే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, నల్ల స్క్రీన్ వస్తుంది, ఎఫ్‌పీఎస్ మెల్లగా తగ్గదు. సాయంత్రం ఓల్టేజీ మరీ పడిపోయే ఏరియా అయితే స్టెబిలైజర్ పెట్టుకో, అది వేరే విషయం.

కార్డు నిజంగా పోతే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, షాపులో మళ్లీ ఆ మాట అంటే నువ్వే చూసుకోవచ్చు. స్క్రీన్ మీద రంగురంగుల గళ్లు, అడ్డగీతలు వస్తాయి, అవి బయోస్ స్క్రీన్‌లో కూడా కనిపిస్తాయి. డ్రైవర్ వేయగానే సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. పవర్ లిమిట్ సగానికి దించినా గేమ్ క్రాష్ అవుతుంది. చల్లగా ఉన్న మొదటి పది నిమిషాలు 85 ఎఫ్‌పీఎస్ ఇచ్చిన కార్డుని "అయిపోయింది" అనడానికి నాకైతే నోరు రాదు. ఒకవేళ వాళ్లు పాత కార్డు ఏదైనా తక్కువకి ఇస్తామంటే అది ఎక్కడిదో అడుగు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో కాయిన్ మైనింగ్ (కార్డులతో తవ్వడం) ఆగిపోయాక రాత్రింబవళ్లు తిప్పిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. అన్నీ పాడైనవే అనను కానీ, వాటి ఫ్యాన్లు, ప్యాడ్లు నీ కార్డు కంటే అరిగిపోయి ఉంటాయి.

ముందు సెల్ మార్చు, అది పది నిమిషాల పని. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కార్డు దులుపు. పేస్ట్ జోలికి మాత్రం ఫ్యాన్ పరీక్ష, హాట్‌స్పాట్ తేడా చూశాకే వెళ్లు. చేతులు వణుకుతాయనుకుంటే అది షాపులోనే చేయించు, కానీ ఎదురుగా నిలబడి చేయించు. తర్వాత ఇక్కడ రాయి: ర్యామ్ స్పీడ్ ఎంత చూపించింది, 2వ నిమిషం, 20వ నిమిషం కోర్ క్లాక్, టెంపరేచర్, హాట్‌స్పాట్, పక్క డోర్ తీసినప్పుడు ఎంత తగ్గింది. ఫ్యాన్ ఒకటి ఆగిపోయి ఉంటే దాని వెనక స్టిక్కర్ ఫోటో కూడా పెట్టు, సరిపోయే ఫ్యాన్ ఏదో చెప్తాను.